ఫుల్‌బ్రైట్-నెహ్రూకి అప్లై చేస్తున్నారా? తిరిగొచ్చాక ఏం చేస్తారో అక్కడ్నించి మొదలుపెట్టండి

ప్రతి ఏడాది ఫిబ్రవరి మార్చి వచ్చేసరికి జూనియర్లు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అన్నా ఫుల్‌బ్రైట్ అని అమెరికాలో చదువుకి స్కాలర్‌షిప్ అంట కదా, ఫీజు వాళ్ళే కట్టి ఫ్లైట్ టికెట్ కూడా ఇస్తారంట కదా, ఎలా అప్లై చెయ్యాలి అని. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నయం కదా అని రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక విషయం తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. దీన్ని ఫ్రీగా వచ్చే ఎమ్మెస్ అనుకోవద్దు. ఫుల్‌బ్రైట్ మీద వెళ్ళేవాళ్ళు మామూలు స్టూడెంట్స్‌లా ఎఫ్-1 మీద వెళ్ళరు, జే-1 వీసా మీద వెళ్తారు, దాంతోపాటే రెండేళ్ళ రూల్ ఒకటి వస్తుంది, అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో సెక్షన్ 212(ఇ) అంటారు. కోర్సు అయిపోయాక మన దేశానికి తిరిగొచ్చి మొత్తం మీద రెండేళ్ళు ఇక్కడ ఉంటే తప్ప హెచ్-1బీ, ఎల్-1 లాంటి ఉద్యోగ వీసాలు గానీ గ్రీన్ కార్డు గానీ రాదు. విజిటింగ్‌కి వెళ్ళిరావొచ్చు, కాన్ఫరెన్స్‌కి వెళ్ళొచ్చు, దానికి అడ్డం లేదు, ఉద్యోగానికి సెటిల్ అవ్వడానికి మాత్రం అడ్డం. వేవర్, అంటే ఆ రూల్ నుంచి మినహాయింపు, తెచ్చుకోవచ్చులే అని కన్సల్టెన్సీవాళ్ళు తేలిగ్గా అనేస్తారు, కానీ ప్రభుత్వం డబ్బు పెట్టి పంపినవాళ్ళకి అది దొరకడం చాలా కష్టం, దాన్ని నమ్ముకొని దిగొద్దు.

మన దగ్గర లెక్క అందరికీ తెలిసిందే, ఎమ్మెస్, ఓపీటీ (చదువయ్యాక అక్కడ కొన్నాళ్ళు పనిచేసే పర్మిషన్), తర్వాత హెచ్-1 లాటరీ, తర్వాత పెళ్ళి, ఇల్లు. ఆ లెక్కలో తప్పేం లేదు. కానీ మీ లెక్క అదే అయితే లోన్ తీసుకొని ఎఫ్-1 మీద వెళ్ళడం మేలు, ఫుల్‌బ్రైట్ వచ్చినా అది మీ దారికి అడ్డమే అవుతుంది. ఇంట్లోవాళ్ళతో కూడా ఈ మాట ముందే అనేసుకోండి, లేకపోతే సెలెక్ట్ అయ్యాక "వెళ్ళి మళ్ళీ వచ్చెయ్యడమేంట్రా" అని గొడవ మొదలవుతుంది.

ఎందుకింత పట్టుదల అంటే డబ్బు ఎవరిదో చూస్తే తెలుస్తుంది. 1946లో సెనేటర్ విలియం ఫుల్‌బ్రైట్ పెట్టించిన ప్రోగ్రాం ఇది, మన దేశంతో ఒప్పందం 1950 ఫిబ్రవరి 2న నెహ్రూ, అమెరికా రాయబారి లాయ్ హెండర్సన్ సంతకాలతో మొదలైంది. 2008లో కొత్త ఒప్పందం చేసుకొని ఖర్చులో మన ప్రభుత్వం కూడా సమాన భాగస్వామి అయింది, అప్పట్నించే పేరులో నెహ్రూ చేరాడు. నడిపే సంస్థ యూఎస్ఐఈఎఫ్ (యునైటెడ్ స్టేట్స్-ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్), హెడ్డాఫీసు ఢిల్లీలో, చెన్నై, కలకత్తా, ముంబైలతో పాటు మన హైదరాబాద్‌లో కూడా రీజనల్ ఆఫీసు ఉంది. అంటే మీ మీద పెట్టే డబ్బులో మన పన్నుల డబ్బూ ఉంది, కాబట్టి ఈ మనిషి వెళ్ళొచ్చాక ఇక్కడ ఏం మారుతుంది అని అడిగే హక్కు వాళ్ళకుంది. అప్లికేషన్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది, ఎస్సే అయినా రికమెండేషన్ అయినా ఇంటర్వ్యూ అయినా.

సరే ఎవరికి ఏది అనేది చూద్దాం. పేరు ఒకటే గానీ లోపల చాలా రకాలున్నాయి, ఒక ఏడాదికి ఒక్కదానికే అప్లై చెయ్యాలి, కాబట్టి మీది ఏదో సరిగ్గా చూసుకోండి. అన్నిటికీ కామన్‌గా ఉండేది ఏంటంటే భారత పౌరులై ఉండాలి, అప్లై చేసే టైంకి ఇండియాలో ఉండాలి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి కుదరదు.

మాస్టర్స్ ఫెలోషిప్‌కి నాలుగేళ్ళ డిగ్రీ కావాలి, బీటెక్ లాంటిది, మూడేళ్ళ డిగ్రీ అయితే దానిమీద పీజీ పూర్తయి ఉండాలి, మార్కులు కనీసం 55 శాతం, దాంతోపాటు మీరు చదవాలనుకునే సబ్జెక్టులోనే కనీసం మూడేళ్ళు ఫుల్‌టైం జీతం తీసుకొని చేసిన ఉద్యోగం ఉండాలి. ఇంటర్న్‌షిప్పులు, పార్ట్‌టైంలు లెక్కలోకి రావు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువమంది ఆగిపోతారు, ఎందుకంటే సబ్జెక్టుల లిస్టులో కంప్యూటర్ సైన్స్ ఉండదు, ఎంబీయే ఉండదు. పబ్లిక్ హెల్త్, పర్యావరణం, జర్నలిజం, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, అర్బన్ ప్లానింగ్, అంతర్జాతీయ న్యాయశాస్త్రం, జెండర్ స్టడీస్, మ్యూజియంలు-వారసత్వ కట్టడాల సంరక్షణ, యూనివర్సిటీ అడ్మినిస్ట్రేషన్, ఇలాంటివి ఉంటాయి. ట్యూషన్ ఫీజు, రానుపోను ఎకానమీ టికెట్, అక్కడ ఉండటానికి ఖర్చు, హెల్త్ కవరేజీ అన్నీ వస్తాయి. భార్యాపిల్లల్ని తీసుకెళ్తే ఆ ఖర్చు మీదే.

ఇక్కడే ఏదో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళకి డాక్టోరల్ రీసెర్చ్ ఉంది, 6 నుంచి 9 నెలలు అక్కడి ల్యాబ్‌లోనో లైబ్రరీలోనో మీ థీసిస్ పనే చేసుకొని వస్తారు, డిగ్రీ మాత్రం ఇక్కడిదే. దీంట్లో సబ్జెక్టులు విశాలంగా ఉంటాయి, అగ్రికల్చర్ వాళ్ళకీ ఇంజనీరింగ్ వాళ్ళకీ హిస్టరీ వాళ్ళకీ చోటుంది, నన్నడిగితే మన యూనివర్సిటీల్లో ఉన్న రీసెర్చ్ స్కాలర్లకి ఇంతకన్నా మంచి అవకాశం ఇంకోటి లేదు, అయినా అప్లై చేసేవాళ్ళు తక్కువ, అదంతా జేఎన్‌యూ వాళ్ళకే ఇస్తారట అని ఒక అపోహ. పీహెచ్‌డీ కొత్తగా అయిపోయినవాళ్ళకి పోస్ట్ డాక్టోరల్ ఉంది. పాఠాలు చెప్తూ సీనియారిటీ ఉన్న ఫ్యాకల్టీకి అకడమిక్ అండ్ ప్రొఫెషనల్ ఎక్సలెన్స్ అని ఇంకోటి ఉంది, నాలుగు నుంచి తొమ్మిది నెలలు, టీచింగ్ చెయ్యొచ్చు, రీసెర్చ్ చెయ్యొచ్చు, రెండూ కలిపి కూడా చెయ్యొచ్చు.

వీటన్నిట్లో ఎవరూ పట్టించుకోనిది ఎఫ్ఎల్‌టీఏ, అంటే ఫారిన్ లాంగ్వేజ్ టీచింగ్ అసిస్టెంట్. 21 నుంచి 29 ఏళ్ళ మధ్య ఉన్న టీచర్లని, ముఖ్యంగా ఇంగ్లీషు చెప్పేవాళ్ళనీ ఆ లైన్లో ట్రైనింగ్ అయినవాళ్ళనీ తీసుకెళ్ళి తొమ్మిది నెలలపాటు అక్కడి క్యాంపస్‌లో మన భాష చెప్పిస్తారు. వారానికి 20 గంటల దాకా పని, పక్కనే సెమిస్టర్‌కి రెండు కోర్సులు చదవాలి, డిగ్రీ రాదు. అమెరికాలో తెలుగు చెప్పడమేంటి అనుకోకండి, విస్కాన్సిన్ మాడిసన్‌లో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాలపాటు తెలుగు చెప్పారు, పెన్సిల్వేనియాలో, బర్కిలీలో కూడా తెలుగు క్లాసులు నడిచాయి. ఏ భాషలకి మనుషులు కావాలో ఆ ఏడాది నోటిఫికేషన్లో ఉంటుంది, తెలుగు ఉందో లేదో అక్కడ చూసుకొని మొదలుపెట్టండి. ఎంఏ ఇంగ్లీషు, బీఈడీ చేసి ప్రైవేట్ కాలేజీలో తక్కువ జీతానికి చెప్తున్న పిల్లలు ఎంతమందో, వాళ్ళకి ఇది ఉందని కూడా తెలియదు.

టైం సంగతి. మాస్టర్స్‌కి మామూలుగా మే మధ్యలో డెడ్‌లైన్ ఉంటుంది, డాక్టోరల్‌కి జులై ప్రాంతంలో, కానీ ప్రతి ఏడాది కొంచెం అటూ ఇటూ అవుతుంది కాబట్టి యూఎస్ఐఈఎఫ్ సైట్‌లోనే చూడండి, వాట్సాప్ గ్రూపులో పోయినేడాది ఫార్వర్డ్ తిరుగుతూ ఉంటుంది, దాన్ని నమ్మకండి. ఈ మే నెలలో అప్లై చేస్తే మీరు ఫ్లైట్ ఎక్కేది వచ్చే ఏడాది ఆగస్టులో, అంటే ఏడాది పైన మూడు నెలలు. ఈలోపు పెళ్ళి ముహూర్తాలు, ప్రమోషన్లు, గ్రూప్-1 నోటిఫికేషన్లు అన్నీ వస్తాయి, అది కూడా చూసుకోండి. అప్లికేషన్‌కి ఫీజేం లేదు. జీఆర్ఈ, టోఫెల్ స్కోర్లు అప్లై చేసేనాటికే చేతిలో ఉండక్కర్లేదు, మాస్టర్స్‌కి నామినేట్ అయ్యాక రాయాల్సి వస్తుంది. ఎవరైనా నేను ఇప్పిస్తా, ఇంత కట్టు అంటే మాత్రం ఫోన్ పెట్టేయండి.

ఇప్పుడు ఎస్సేలు. అసలు పని ఇదే, నెలన్నరైనా పెట్టండి దీనిమీద.

మాస్టర్స్‌కి రెండు రాయాలి, ఒకటి స్టడీ ఆబ్జెక్టివ్, రెండోది పర్సనల్ స్టేట్‌మెంట్. మనవాళ్ళు రెండిట్లోనూ ఒకటే రాస్తారు, చిన్నప్పట్నించి సమాజానికి సేవ చెయ్యాలని కోరిక, మా నాన్నగారు రైతు, ఎంతో కష్టపడి చదివించారు, అమెరికా విద్యావ్యవస్థ ప్రపంచంలోనే గొప్పది. నిజమే అయ్యుండొచ్చు, కానీ చదివేవాళ్ళకి అవే వాక్యాలు వందల అప్లికేషన్లలో కనిపిస్తాయి. అమీర్‌పేటలో దొరికే రెడీమేడ్ ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే ఎస్సే) అయితే ఇంకా ఘోరం, పైగా కాపీ కొట్టినట్టు తేలితే అప్లికేషన్ తీసి అవతల పడేస్తారు, ఆ విషయం వాళ్ళ రూల్స్‌లోనే ఉంటుంది.

నేను చెప్పే పద్ధతి వెనక నుంచి రాయడం. ముందు ఒక తెల్లకాగితం తీసుకొని, తిరిగొచ్చిన రెండేళ్ళకి మీరు ఏ ఊళ్ళో, ఏ ఆఫీసులో, ఏ పని చేస్తూ ఉంటారో రాయండి. ఆ పని ఇప్పుడు ఎందుకు చెయ్యలేకపోతున్నారో రాయండి. డబ్బు లేకనా, పర్మిషన్ లేకనా, తెలియకనా? డబ్బు, పర్మిషన్ అయితే మాస్టర్స్ చదివినా ఉపయోగం లేదు. తెలియక అయితే ఏది తెలియక, దాన్ని ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ వాక్యం దొరికితే స్టడీ ఆబ్జెక్టివ్ సగం అయిపోయినట్టే.

ఉదాహరణకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద పనిచేసే ఒక హెల్త్ వర్కర్ పబ్లిక్ హెల్త్‌కి అప్లై చేస్తున్నాడు అనుకుందాం. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఊళ్ళకి ఊళ్ళు ఆ జబ్బుతో బాధపడుతున్నాయి, షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా వస్తోంది, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్ 2023 డిసెంబర్‌లో మొదలైంది. ఇతను ఏం రాస్తాడంటే "ఉద్దానం ప్రజల కష్టాలు చూసి చలించిపోయాను, వాళ్ళకి సేవ చెయ్యడానికి అమెరికాలో చదువుకోవాలనుకుంటున్నాను." దీంట్లో అతను ఎవరో కూడా తెలీదు, పేపర్ చదివే ఎవరైనా ఇది రాయొచ్చు.

అదే మనిషి ఇంకోలా రాస్తే: నేను నాలుగేళ్ళుగా ఇంటింటికీ తిరిగి క్రియాటినిన్ అనే కిడ్నీ టెస్టుల లెక్కలు రాస్తున్నా, ఒక మండలంలో ఒకలా, పక్క మండలంలో ఇంకోలా రాస్తున్నాం కాబట్టి రెండింటినీ పోల్చలేకపోతున్నాం, జీడితోటలో కూలికి వెళ్ళేవాళ్ళనీ సముద్రం మీదకి వేటకి వెళ్ళేవాళ్ళనీ విడదీసి చూడాలంటే స్టడీని మొదట్నించీ ఎలా డిజైన్ చెయ్యాలో నాకు తెలియదు, మా టీంలో ఎవరికీ తెలియదు, ఎపిడెమియాలజీలో, అంటే జబ్బు ఎవరికి ఎందుకు వస్తోందో చూసే శాస్త్రంలో, నాకు కావాల్సింది అది, తిరిగొచ్చాక నేను మొదట చేసేది మా మండలాల రిజిస్టర్లన్నీ ఒకే ఫార్మాట్‌కి తేవడం, జిల్లా ఆరోగ్య శాఖలో దానికి ఎవరి సంతకం కావాలో కూడా నాకు తెలుసు. ఇది చదివినవాళ్ళకి అతను కళ్ళముందు కనిపిస్తాడు. ఇంగ్లీషు కొంచెం మొరటుగా ఉన్నా పర్లేదు, ఇలాంటి ఎస్సే నిలబడుతుంది.

పర్సనల్ స్టేట్‌మెంట్ వేరు, అది మీ మనిషి గురించి, ఈ పనిలోకి ఎలా వచ్చారు, మధ్యలో ఏం మానేశారు, ఏం మార్చుకున్నారు. నాయకత్వం, కమ్యూనిటీ సర్వీస్ అని వాళ్ళు అడిగినచోట ఎన్ఎస్ఎస్ క్యాంపులో మొక్కలు నాటాం, బ్లడ్ డొనేషన్ చేశాం అని సర్టిఫికెట్లు పేర్చొద్దు, మీరు లేకపోతే జరిగేది కాదు అన్న ఒక్క పని చెప్పండి, చిన్నదైనా సరే, బస్తీలో పిల్లలకి సాయంత్రం ట్యూషన్ నడిపి ఉన్నా చాలు. ఇంకోటి, మాస్టర్స్ స్టడీ ఆబ్జెక్టివ్‌లో ఫలానా యూనివర్సిటీలో చదవాలని ఉంది అని పేర్లు రాయొద్దు. హార్వర్డ్, కొలంబియా అని రాస్తే బరువుగా ఉంటుంది అనుకుంటారు గానీ ఆ ఎస్సేలో అడిగేది ఏం చదవాలి, ఎందుకు అని మాత్రమే.

పీహెచ్‌డీ స్కాలర్ల ప్రపోజల్ సంగతి వేరు. మీకు అక్కడ ఏ ప్రొఫెసర్‌తో, ఎక్కడ పని అని స్పష్టంగా ఉండాలి, ఆ ప్రొఫెసర్ రమ్మని రాసిన లెటర్ జతచేస్తే బలం. ఆ లెటర్ ఎలా వస్తుంది అంటే మెయిల్ రాస్తేనే వస్తుంది, కాకపోతే మనవాళ్ళు రాసే మెయిల్ ఇలా ఉంటుంది, "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంటరెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్", అది ముప్ఫై మందికి బీసీసీలో. ఎవరూ జవాబివ్వరు. ఆయన రాసిన పేపర్లు రెండు మూడు నిజంగా చదవండి, వాటిల్లో మీ పనికి తగిలే పాయింట్ ఒకటి పట్టుకోండి, మెయిల్ పది లైన్లు దాటకుండా రాయండి: నేను ఫలానా యూనివర్సిటీలో ఫలానా టాపిక్ మీద పీహెచ్‌డీ, మీ ఫలానా పేపర్లో వాడిన పద్ధతి నా డేటా మీద వాడితే ఈ ఇబ్బంది వస్తోంది, ఫుల్‌బ్రైట్‌కి అప్లై చేస్తున్నా, వస్తే ఖర్చంతా వాళ్ళదే, మీ దగ్గర ఇన్ని నెలలు పనిచెయ్యడానికి ఒప్పుకుంటారా. ఆ "ఖర్చు వాళ్ళదే" అన్న ముక్క రెండో లైన్లోనే పెట్టండి, అది చూశాకే చాలామంది మిగతాది చదువుతారు. రెండువారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి, ఇంకొకళ్ళకి రాయండి. ఈ పని డెడ్‌లైన్‌కి నాలుగు నెలల ముందు మొదలవ్వాలి, మే, జూన్ వచ్చిందంటే అక్కడ వేసవి సెలవులు, సగంమంది మెయిల్ చూడరు.

ఒకటి అడుగుతారు, ఈ పని ఇండియాలో ఎందుకు చెయ్యలేరు అని. మంచి ల్యాబులు అక్కడున్నాయి అంటే సరిపోదు. మీకు కావాల్సిన తాళపత్రాలో, శాంపిల్సో, మెషీనో, మనిషో అక్కడే ఉందని చూపించగలగాలి.

రికమెండేషన్లు మూడు. మన దగ్గర ఆచారం ఏంటో అందరికీ తెలుసు, సార్ దగ్గరికి వెళ్తే "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు. ఇక్కడ లెటర్ ఆన్‌లైన్‌లో వాళ్ళే పంపాలి, లింకు వాళ్ళ మెయిల్‌కి వెళ్తుంది. పైగా ముగ్గురివీ మీరే రాస్తే ముగ్గురి ఇంగ్లీషూ ఒకేలా ఉంటుంది, చదివేవాళ్ళకి ఆ మాత్రం తెలియదా. సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ఒబీడియెంట్ స్టూడెంట్ అని మూడు మాటలున్న లెటర్ వల్ల మంచి కన్నా చెడే ఎక్కువ. నేనైతే ఇలా చెయ్యమంటా, సార్‌కి ఒక పేజీ నోట్సు ఇవ్వండి, దాంట్లో మీరు ఆయన దగ్గర చేసిన పనులు, తేదీలు, ఫలానా రోజు ఫీల్డ్‌లో ఇలా జరిగింది సార్ గుర్తుందా అన్నట్టు రెండు సంఘటనలు, మీ స్టడీ ఆబ్జెక్టివ్ కాపీ. అప్పుడు ఆయన తన మాటల్లో రాస్తారు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఒక్కరైనా పనిచేసేచోట పైవాళ్ళని పెట్టుకోండి. వైస్ ఛాన్సలర్, ఎమ్మెల్యే లెటర్లు తేవొద్దు, పెద్ద పేరుకన్నా మిమ్మల్ని పనిలో చూసినమనిషి ముఖ్యం. ఇక మెయిల్ స్పామ్‌లో పడిందేమో చూడమని ఫోన్ చెయ్యండి, సార్లు మెయిల్ చూసే అలవాటు మీకు తెలిసిందే.

ఇప్పుడు గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ లెక్చరర్లు, ప్రభుత్వ ఉద్యోగులు జాగ్రత్తగా చదవాల్సింది. ఉద్యోగంలో ఉంటే ఎంప్లాయర్స్ ఎండార్స్‌మెంట్ అనే ఫారం ఒకటి ఉంటుంది, సెలెక్ట్ అయితే ఇన్ని నెలలు సెలవు ఇస్తాం అని మీ ఆఫీసు రాసివ్వాలి. ప్రైవేట్ ఎన్‌జీఓలో అయితే ఒక్కరోజు పని. ప్రభుత్వంలో అయితే ప్రిన్సిపాల్ ఫార్వర్డ్ చెయ్యాలి, అది పై ఆఫీసుకి వెళ్ళాలి, అక్కడ సెక్షన్‌లో ఫైలు పెట్టాలి, కొర్రీ వస్తే మళ్ళీ కిందకి రావాలి. సంతకం ఎవరు పెట్టాలి అనేదే మొదటి కొర్రీ. దీనికి నేను చెప్పేది ఒక్కటే, నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే ఫారం ప్రింట్ తీసి ఆఫీసులో ఇవ్వండి, ఎస్సే రాయడం మొదలుపెట్టకముందే. కవరింగ్ లెటర్‌లో మూడు ముక్కలు స్పష్టంగా ఉండాలి: ఇది రెండు ప్రభుత్వాల ఉమ్మడి ఫెలోషిప్, మన డిపార్ట్‌మెంట్‌కి పైసా ఖర్చు లేదు, ఇప్పుడడిగేది సెలవు మంజూరు కాదు, సెలెక్ట్ అయితే ఇస్తామన్న మాట మాత్రమే. ఈ మూడోది లేకపోతే ఫైలు స్టడీ లీవ్ రూల్స్ దగ్గర ఆగిపోతుంది, ఇంకా సెలెక్టే కానివాడికి సెలవేంటి అని. పీహెచ్‌డీ స్కాలర్లకి కూడా ఇలాగే యూనివర్సిటీ ఎండార్స్‌మెంట్ కావాలి, మీ గైడ్ ఒప్పుకుంటే సరిపోదు, రిజిస్ట్రార్ ఆఫీసులోనో డీన్ దగ్గరో స్టాంపు పడాలి.

పేర్ల గొడవ. ఇది మన తెలుగువాళ్ళ సొంత సమస్య. టెన్త్ మెమోలో కె. రమేష్ బాబు అని ఉంటుంది, డిగ్రీలో రమేష్ బాబు కె, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలోకి వెళ్ళిపోయి ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా. అప్లికేషన్‌లో పాస్‌పోర్టులో ఎలా ఉంటే అచ్చం అలాగే రాయండి, తర్వాత జే-1 కాగితాలన్నీ దాని ప్రకారమే వస్తాయి. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళు వీలైతే ఇప్పుడే సరిచేయించుకోండి, సెలెక్ట్ అయ్యాక అప్పుడు పరిగెత్తడం కన్నా మేలు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళయితే మరీను, సర్టిఫికెట్లలో పుట్టింటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటిపేరు ఉంటే ఆ రెండూ ఒకరే అని చూపించే కాగితం దగ్గర పెట్టుకోండి.

మార్కుల మెమోలు అన్ని సెమిస్టర్లవీ స్కాన్ చేసి పెట్టుకోండి, కన్సాలిడేటెడ్ ఒక్కటే ఉంటే సరిపోకపోవచ్చు. ట్రాన్‌స్క్రిప్ట్‌లు అడిగితే ఉస్మానియా, జేఎన్‌టీయూ, ఆంధ్రా యూనివర్సిటీ ఏదైనా సరే ఎగ్జామ్ బ్రాంచ్‌లో టైం పడుతుంది, ముందే అప్లై చేసుకోండి. బ్యాక్‌లాగ్స్ ఉన్నాయని భయపడి ఆగొద్దు, 55 శాతం దాటితే చాలు, ఎందుకు తగ్గాయో అడిగితే ఉన్నమాట చెప్పండి.

షార్ట్‌లిస్ట్ అయితే ఇంటర్వ్యూ. ప్యానెల్లో మీ ఫీల్డ్ తెలిసినవాళ్ళూ ఉంటారు, దాంతో సంబంధం లేనివాళ్ళూ ఉంటారు, కాబట్టి మీ ప్రాజెక్టుని మీ పిన్నికి చెప్పినట్టు రెండు నిమిషాల్లో చెప్పగలగాలి. ఇంట్లో నిజంగానే ఎవరికైనా చెప్పి చూడండి, వాళ్ళు మధ్యలో ఫోన్ చూస్తున్నారంటే ఇంకా తేలిక చెయ్యాలి. అప్లికేషన్‌లో రాసిన ప్రతి లైన్ మీద ప్రశ్న వస్తుంది అనుకొని వెళ్ళండి. తిరిగొస్తారా అని ఏదో ఒక రూపంలో అడుగుతారు, "దేశభక్తి సార్" అంటే నవ్వుకుంటారు. ఇక్కడ మీకోసం ఏ ఉద్యోగం, ఏ పని, ఏ మనుషులు ఆగి ఉన్నారో చెప్పండి, అందుకే మొదట్లో ఆ తెల్లకాగితం రాయమన్నది. అమెరికావాళ్ళు మన గురించి తెలియని విషయం అడిగితే ఏం చెప్తారు అన్నట్టు కూడా అడగొచ్చు, ఎందుకంటే ఫుల్‌బ్రైట్ ఉద్దేశమే రెండు దేశాల మనుషులు ఒకళ్ళనొకళ్ళు అర్థం చేసుకోవడం, మీరు అక్కడ మన ప్రతినిధి లెక్క. కుల వివక్ష, మతం, రాజకీయాలు ఏది అడిగినా తడబడకుండా మీ అభిప్రాయం మర్యాదగా చెప్పండి. తెలియనిది తెలియదు అనండి.

ఇంటర్వ్యూ తర్వాత ప్రిన్సిపల్ అనీ ఆల్టర్నేట్ అనీ రెండు రకాలుగా చెప్తారు. ప్రిన్సిపల్ అంటే మీరు మొదటి లిస్టులో ఉన్నట్టు, ఆల్టర్నేట్ అంటే ఎవరైనా తప్పుకుంటేనో నిధులు మిగిలితేనో మీకు. చివరి ఆమోదం అమెరికాలో ఫుల్‌బ్రైట్ బోర్డుది. ఈ బోర్డు సంగతి 2025 జూన్‌లో పేపర్లలో వచ్చింది, సెలెక్ట్ అయినవాళ్ళని రాజకీయ కారణాలతో పక్కన పెడుతున్నారని 12 మందిలో 11 మంది రాజీనామా చేశారు. దాన్నిబట్టి నేను చెప్పేది, లెటర్ చేతికొచ్చి వీసా పడేదాకా ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దు, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యొద్దు, ఫేస్‌బుక్‌లో కంగ్రాట్స్ పోస్టు అయితే అసలే వద్దు.

ఒక్కదాని మీదే కూర్చోవద్దు కూడా. మాస్టర్స్‌కి మీకున్న అనుభవం, ఎస్సేలు దాదాపు అలాగే బ్రిటన్ వాళ్ళ చివెనింగ్‌కి పనికొస్తాయి, అది యూకే ప్రభుత్వం డబ్బు, ఏడాది మాస్టర్స్, 2,800 గంటల పని అనుభవం అడుగుతారు, ఆగస్టులో మొదలై అక్టోబర్ ప్రాంతంలో మూసేస్తారు. అక్కడ కూడా చదువయ్యాక వెనక్కి వచ్చి రెండేళ్ళు ఉండాలి.

ఇవి కాక మన ప్రభుత్వాలు ఇచ్చే డబ్బు కూడా ఉంది. ఎస్సీలకి, సంచార జాతులకి, భూమిలేని కూలీల, సంప్రదాయ చేతివృత్తులవాళ్ళ పిల్లలకి కేంద్ర సామాజిక న్యాయశాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది, మొత్తం 125, దాంట్లో ఎస్సీలకి 115. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, వయసు 35 లోపు, 60 శాతం మార్కులు, క్యూఎస్ అనే ప్రపంచ యూనివర్సిటీల ర్యాంకింగ్‌లో 500 లోపు యూనివర్సిటీ నుంచి షరతుల్లేని ఆఫర్ లెటర్ కావాలి. ఎస్టీలకి గిరిజన శాఖది వేరేగా 20 ఉన్నాయి. తెలంగాణలో అయితే ఎస్సీ ఎస్టీలకి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకి జ్యోతిబా పూలే పేరుతో, మైనారిటీలకి సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్, 20 లక్షల దాకా, ఆదాయ పరిమితి 5 లక్షలు, ఈపాస్ సైట్‌లో అప్లై చెయ్యాలి. ఆంధ్రలో గవర్నమెంట్ మారినప్పుడల్లా పేరు, రూల్సూ మారుతున్నాయి, ఎన్టీఆర్ విదేశీ విద్యాదరణ అన్నారు, తర్వాత జగనన్న విదేశీ విద్యా దీవెన అన్నారు, కాబట్టి అప్లై చేసేనాటికి నడుస్తున్న జీవో చూసుకోండి.

తెలంగాణ స్కీముల్లో ఒక మెలిక చెప్పి ఆపేస్తా. డబ్బు మీరు వెళ్ళకముందు రాదు. అక్కడ దిగినట్టు ఐ-94 లాంటి కాగితం చూపిస్తే మొదటి వాయిదా, మొదటి సెమిస్టర్ రిజల్ట్ చూపిస్తే రెండో వాయిదా. కాబట్టి మొదటి సెమిస్టర్ ఫీజు, టికెట్, రెండుమూడు నెలల అద్దె మీరే సర్దుకోవాలి, ఫలానా తేదీకి పడుతుంది అనుకొని చిట్టీలు, అప్పులు ఆ లెక్కన పెట్టుకోవద్దు. మీసేవలో ఇన్‌కమ్ సర్టిఫికెట్ కొత్తది తీసుకోండి, పాతది పెడితే వెనక్కి వస్తుంది. దిగిన రోజే ఐ-94 డౌన్‌లోడ్ చేసి ఇంటికి పంపండి, ఇక్కడ ఆఫీసు చుట్టూ తిరిగేది మీ అమ్మానాన్నలో తమ్ముడో కాబట్టి వాళ్ళ దగ్గర ఒరిజినల్స్ సెట్ ఒకటి, జిరాక్సులు రెండు సెట్లు పెట్టి వెళ్ళండి.